పాత బోటింజన్ కొనబోతున్నారా, ముందు చెయ్యి పెట్టి చూడండి

పాత ఇంజన్ చూడ్డానికి వెళ్తే నేను ముందు బేరం ఎత్తను, కబుర్లూ ఎత్తను. పైమూత తీయించి సిలిండర్ మీద అరచెయ్యి ఆనిస్తాను. చల్లగా ఉంటే సరే. గోరువెచ్చగా తగిలిందంటే, నేను రాకముందే దాన్ని ఎవరో ఒకసారి లేపి ఉంచారన్నమాట. వేడెక్కిన ఇంజన్ ఎలాంటిదైనా రెండు లాగుళ్ళకి లేస్తుంది. తెల్లవారుజామున నాలుగింటికి, రాత్రంతా మంచులో తడిసి, కెరటాల ముందు నిలబడి తాడు లాగుతుంటే లేస్తుందా లేదా అన్నదే మనకి కావాలి.

మాది గోపాలపూర్. ఊరు ఒడిశాలోదే గానీ ఒడ్డున మా పేటలో ఇంటింటా తెలుగే. ఒడియా వాళ్ళు మమ్మల్ని నోలియాలు అంటారు. నేను వేటకి వెళ్ళడం మానేసి ఇరవై ఏళ్ళు దాటింది. ఇంజన్లు విప్పడం, బిగించడం, ఇదే నా పని. అటు ఆర్యపల్లి నుంచి ఇటు సోనాపూర్ దాకా తెలిసినవాళ్ళు ఎవరైనా సెకండ్ హ్యాండ్ బోటు కొంటుంటే తోడు రమ్మంటారు. దారి ఖర్చులు, ఒక పూట చేపల పులుసు, అంతే తీసుకుంటాను.

బోటు కొనేవాళ్ళు బోటునే చూస్తారు. చుట్టూ తిరిగి ఫైబర్ మీద కొట్టి చూస్తారు, పగుళ్ళు వెతుకుతారు. చూడాలి, కాదనను. కానీ ఫైబర్ పగులు కంటికి కనిపిస్తుంది, రెసిన్ పెట్టి అతుకు వేస్తే తీరిపోతుంది. ఇంజన్ రోగం లోపల ఉంటుంది. నేను చెప్పేది వెనక బల్లకి తగిలించే పెట్రోల్ అవుట్‌బోర్డ్ గురించి. పొడుగు తోక డీజిల్ ఇంజన్ లెక్క వేరు, దాని జోలికి ఇక్కడ వెళ్ళను.

ముందు నేను మోసపోయిన సంగతి చెప్పాలి. 2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ తుపాను మా ఊరి దగ్గరే తీరం దాటింది. తెల్లారి చూస్తే ఒడ్డున బోట్లు ఒకదాని మీద ఒకటి పడున్నాయి. ఇంజన్లు కొన్ని ఇసకలో పూడిపోయాయి, కొన్ని ఉప్పునీటిలో రోజుల తరబడి నానాయి. ఆ తర్వాత మూడు నెలలకి, జనవరిలో, 15 హార్స్‌పవర్ రెండు సిలిండర్ల టూ స్ట్రోక్ ఒకటి అమ్మకానికొచ్చింది. ముప్ఫై ఎనిమిది వేలు. సాయంకాలం వెలుగు తగ్గాక చూశాను. మొదటి లాగుకే లేచింది. రంగు మెరిసిపోతోంది. అప్పటికే నాకు పని వచ్చు, పదిమంది ఇంజన్లు బాగుచేస్తున్నవాణ్ణి. అయినా ఆ మొదటి లాగు నా నోరు మూయించింది. పదకొండో రోజున, ఒడ్డుకి ఏడు కిలోమీటర్ల దూరంలో, మా తమ్ముడు వాడుతుండగా పట్టేసింది. వేరే బోటు తాడు కట్టి లాక్కొచ్చింది. విప్పితే క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) కింది బేరింగు రోలర్లు తుప్పుతో గుంటలు పడి, చీడ పట్టిన జొన్న గింజల్లా ఉన్నాయి.

మునిగిన ఇంజన్‌కి జరిగేది ఇదే. నీటిలో ఉన్నంతసేపు పెద్దగా చెడదు. బయటికి తీసి గాలి తగిలాక తుప్పు పరుగెడుతుంది. టూ స్ట్రోక్‌లో క్రాంక్ బేరింగులకి వేరే ఆయిల్ గది ఉండదు, పెట్రోల్‌లో కలిపిన ఆయిలే దిక్కు. ఉప్పునీరు అక్కడిదాకా వెళ్ళాక వెంటనే కడిగి, ఆయిల్ పోసి, తిప్పకపోతే లోపల పని అయిపోయినట్టే. పైకి మాత్రం కార్బురేటర్ కడిగి, ప్లగ్గులు మార్చి, రంగు కొడితే పెళ్ళికొడుకులా తయారవుతుంది.

కాబట్టి మునిగిందా లేదా అన్నది నేను అన్నిటికన్నా ముందు వెతుకుతాను. రంగు వైపు చూడను. రంగు వేసేవాడి బ్రష్షు చేరని చోట్లు చూస్తాను. ఇంజన్ పైన తిరిగే చక్రం, ఫ్లైవీల్ అంటాం, దాని కింద టార్చి వేస్తే అక్కడ సన్నటి ఇసక పొర ఉందా? పైమూత లోపలి నురుగు పొరలో మట్టి గీత కనిపిస్తోందా? కార్బురేటర్ స్ప్రింగు, వైర్ల క్లిప్పులు, చిన్న చిన్న స్క్రూల తలలు ఎర్రగా ఉన్నాయా? సముద్రం మీద తిరిగే ఇంజన్‌కి బయట కొంత తుప్పు ఉంటుంది, అది తప్పు కాదు. మూత లోపల, ఎత్తులో, అన్ని స్క్రూలూ ఒకేలా తుప్పు పట్టి ఉంటే మాత్రం నీళ్ళు అక్కడిదాకా నిండాయని. తర్వాత రెండు ప్లగ్గులూ విప్పి, ఫ్లైవీల్‌ని చేత్తో మెల్లగా తిప్పుతూ చెవి దగ్గర పెడతాను. మెత్తగా తిరగాలి. కంకర మీద నడిచినట్టు చప్పుడు వినిపిస్తే అక్కడే లేచి వచ్చేస్తాను. ఫ్లైవీల్‌ని రెండు చేతులతో పట్టుకుని పక్కకి ఊపితే ఆడకూడదు.

నా సంచీలో ఉండేవి చెబుతాను. ప్లగ్ పానా, వెడల్పు మూతి స్క్రూడ్రైవర్, టార్చి, తెల్లగుడ్డ, అయస్కాంతం ముక్క, ఖాళీ గాజు సీసా, అర లీటరు గేర్ ఆయిల్, దాని స్క్రూలకి వేసే కొత్త వాషర్లు. ఇవి కాక బరంపురంలో మోటార్‌సైకిల్ స్పేర్ల షాపులో కొన్న కంప్రెషన్ గేజి, అంటే సిలిండర్లో పిస్టన్ ఎంత ఒత్తిడి పుట్టిస్తోందో చూపించేది. బండి ప్లగ్గులాగే చాలా ఇంజన్ల ప్లగ్గు మర కూడా 14 మిల్లీమీటర్లు, కాబట్టి అదే గేజి సరిపోతుంది. గేర్ ఆయిల్ ఎందుకంటారా? స్క్రూ విప్పుతానంటే అమ్మేవాడు "ఆయిల్ పోతుంది, మళ్ళీ ఎవరు పోస్తారు" అంటాడు. నేను పోస్తానని సీసా తీసి చూపిస్తే ఇక వాడికి మాట ఉండదు.

పోయిన డిసెంబర్లో మా మేనల్లుడు సోనాపూర్ నుంచి ఫోన్ చేశాడు. బాహుదా నది మొగ దగ్గర ఒకాయన ఫైబర్ బోటు, 15 హార్స్‌పవర్ టూ స్ట్రోక్, కలిపి అమ్ముతున్నాడట. పొద్దున్న ఏడింటికి వెళ్ళాం. ఇంజన్‌ని టార్పాలిన్ కింద చెక్క స్టాండుకి తగిలించి ఉంచాడు. మూత తీసి చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది.

"ఎప్పుడు లేపారు బాబూ?" అన్నాను.

"మీరొస్తన్నారని ఒక్కపాలి చూసినాను, అంతే."

"మంచిది. చల్లారనీ, టీ తాగొద్దాం."

గంటన్నర కూర్చున్నాం. ఆ గంటన్నరలో మేనల్లుడికి మూడుసార్లు విసుగొచ్చింది. నాకు మాత్రం ఆ టైము వృథా కాలేదు. టీ కొట్టు దగ్గర ఆ బోటు మీద పనిచేసిన కుర్రాడే కనిపించాడు. ఎన్నాళ్ళు తిరిగింది, ఎవరు నడిపారు, పెట్రోల్‌లో కిరసనాయిల్ కలిపేవారా అని మాటల్లో మాటగా అడిగాను. "అప్పుడప్పుడూ కలిపేవోళ్ళం" అన్నాడు. పెట్రోల్ ఇంజన్‌లో కిరసనాయిల్ కలిపి తిప్పితే మసి పేరుకుంటుంది, పిస్టన్ రింగులు గాడిలో అతుక్కుపోతాయి. అది గుర్తు పెట్టుకున్నాను. కిరసనాయిల్ మీద నడవడానికే చేసిన మోడళ్ళు వేరే ఉన్నాయి. వాటిలో కంప్రెషన్ తక్కువగానే ఉంటుంది, వాటిని పెట్రోల్ ఇంజన్‌తో పోల్చి భయపడకండి.

చల్లారాక ప్లగ్గులు విప్పాం. తెల్లగుడ్డ మీద పక్కపక్కన పెట్టి, పైది ఏదో కిందిది ఏదో గుర్తుంచుకోవాలి. లేత ఇటుక రంగు, పలచటి టీ రంగు ఉంటే ఆరోగ్యం. నల్లగా జిడ్డుగా ఉంటే ఆయిల్ ఎక్కువ కలిపారో, నెమ్మదిగా తిప్పి తిప్పి మసి పట్టించారో, అది దిద్దుకోవచ్చు. సున్నంలా తెల్లగా ఉంటే వేడెక్కింది. మొన మీద వెండి రవ్వల్లాంటి చుక్కలు ఉంటే పిస్టన్ కరిగి అంటుకుందని, ఇక మాటల్లేవు. ఒక ప్లగ్గు మామూలుగా ఉండి రెండోది కడిగినట్టు శుభ్రంగా మెరుస్తుంటే సంతోషించకండి. ఆ సిలిండర్లోకి నీరు కారుతోంది, హెడ్ గాస్కెట్ పోయింది. కొత్త ప్లగ్గులు పెట్టి ఉంటే పాతవి ఎక్కడ అని అడగండి. ఇక్కడ రెండూ నల్లగా ఉన్నాయి, జిడ్డు. కుర్రాడు చెప్పిన మాటకి సరిపోయింది.

గేజి పెట్టే ముందు కిల్ స్విచ్ (లాగితే ఇంజన్‌ని ఆపేసేది) క్లిప్పు తీసేయాలి, లేదా ప్లగ్గుల లోహపు ఒళ్ళు ఇంజన్‌కి ఆనించి ఉంచాలి. స్పార్కుకి దారి లేకుండా తాడు లాగితే ఇగ్నిషన్ డబ్బా కాలే ప్రమాదం ఉంది. థ్రాటిల్ పూర్తిగా తెరవమంటారు గానీ చాలా ఇంజన్లలో న్యూట్రల్‌లో కొంతవరకే తిరుగుతుంది. తిరిగినంత తిప్పి, సూది ఇక ఎక్కనంటూ ఆగేదాకా ఐదారుసార్లు బలంగా లాగాలి. అంకె ఎంత అన్నదానికన్నా రెండు సిలిండర్ల మధ్య తేడా ఎంత అన్నది ముఖ్యం. గేజిని బట్టి, లాగే చేతిని బట్టి అంకె మారుతుంది. రెంటినీ ఒకే మనిషి లాగాలి. తేడా నూటికి పది లోపుంటే నిశ్చింత, పదిహేను దాటితే అనుమానం. తక్కువ ఉన్న సిలిండర్లో చెంచాడు ఆయిల్ పోసి మళ్ళీ లాగి చూడండి. అంకె పెరిగితే రింగులు అరిగాయి. పెరగకపోతే గాస్కెట్ వైపు చూడాలి. సోనాపూర్ ఇంజన్‌కి పైదానిలో 112, కిందిదానిలో 104 వచ్చాయి. నాకు నచ్చాయి. కిరసనాయిల్ తాగిన ఇంజన్‌కి అది మంచి మార్కే.

ఇప్పుడు కిందికి దిగుదాం. మా ఒడ్డున ఇంజన్లకి రోగాలు ఎక్కువగా వచ్చేది కిందే. హార్బర్ గోడకి కట్టుకునే బోట్ల సంగతి వేరు. మేం కెరటాల్లోంచి నేరుగా ఇసక మీదకి ఎక్కిస్తాం. ఇంజన్ పైకెత్తడం ఒక్క క్షణం ఆలస్యమైతే ప్రొపెల్లర్ కింద ఉండే రెక్క నేలకి కొట్టుకుంటుంది, పంపు నీటితోపాటు ఇసక పీలుస్తుంది. పైగా ఒడ్డునంతా తెగిన నైలాన్ వలలు. కాబట్టి మా దగ్గర కొనేవాడు మూడు చూడాలి: కింది రెక్క, గేర్ ఆయిల్, ప్రొపెల్లర్ వెనక దారం.

రెక్క విరిగితే వెల్డింగ్ చేయిస్తారు. అదేం పెద్ద నేరం కాదు. కానీ అంత దెబ్బ తగిలినప్పుడు షాఫ్టు కూడా వంగిందేమో చూడాలి. కిల్ క్లిప్పు తీసేసి, న్యూట్రల్‌లో ప్రొపెల్లర్‌ని చేత్తో తిప్పుతూ, దాని నడిమి నట్టు పక్కన స్క్రూడ్రైవర్ మొన కదలకుండా పట్టుకోండి. మొనకీ నట్టుకీ మధ్య సందు ఒకసారి పెరిగి ఒకసారి తగ్గుతుంటే షాఫ్టు వంగింది. వంగిన షాఫ్టు నీటిని ఆపే సీలుని తినేస్తుంది, సీలు పోతే నీరు లోపలికి, నీరు చేరితే గేర్లు పోతాయి.

గేర్ ఆయిల్ దగ్గరే ఎక్కువమంది మోసపోతారు. కింది గేర్ డబ్బాకి రెండు స్క్రూలు ఉంటాయి. ఒకటి అడుగున, ఒకటి పైన. సోనాపూర్లో అడుగు స్క్రూ కొంచెం వదులు చేశాను. తేనె రంగులో ఆయిల్ వచ్చింది, కొత్తది, మిలమిలా.

"చూసినారా మావయ్యా, ఎంత శుభ్రంగా ఉందో!" అన్నాడు మేనల్లుడు.

"అదే నా బాధ. మూడేళ్ళు తిరిగిన ఇంజన్‌లో నిన్న పోసిన ఆయిల్ ఎందుకుందిరా?"

స్క్రూ బిగించి, ఇంజన్‌ని నీళ్ళ డ్రమ్ములో దింపి లేపాం. డ్రమ్ము 200 లీటర్లది ఉండాలి, నీరు పీల్చే జల్లెడ మునిగి పైన ఇంకో జానెడు నిండాలి. నీళ్ళు లేకుండా ఒక్కసారి లేపి చూపిస్తానని ఎవరైనా అంటే వద్దనండి. పంపులో తిరిగే రబ్బరు రెక్కల చక్రం, ఇంపెల్లర్, నీటితోనే తడిసి నడుస్తుంది, పొడిగా తిరిగితే నిమిషంలోపే కాలిపోతుంది. డ్రమ్ములో ముందుకి వెళ్ళే గేరు వేసి, తక్కువ స్పీడులో పది నిమిషాలు తిప్పాం. డ్రమ్ములో స్పీడు పెంచితే నీళ్ళన్నీ మన మీదే పోస్తుంది, డ్రమ్ము కూడా పడిపోవచ్చు. తర్వాత ఆపి అరగంట వదిలేశాం. ఆయిల్ కన్నా నీరు బరువు కాబట్టి కదలకుండా ఉంచితే అడుక్కి దిగుతుంది.

ఈసారి అడుగు స్క్రూ కింద గాజు సీసా పెట్టి వదులు చేశాను. మొదట వచ్చింది ఆయిల్ కాదు. బొటనవేలు గోరంత ఎత్తున నీరు సీసా అడుగున చేరింది. దాని వెనక పాలు ఎక్కువైన కాఫీ రంగులో చిక్కటి ధార. అమ్మేవాడు చూపు తిప్పుకున్నాడు. మేనల్లుడు బోటు వైపు చూశాడు, ఇక వెళ్ళిపోదామన్నట్టు.

వెళ్ళిపోలేదు. పాలరంగు అంటే సీలు పోయిందని అర్థం, గేర్లు పోయాయని కాదు. అది వేరే చూడాలి. అడుగు స్క్రూ మొనకి అయస్కాంతం ఉంది (దీనికుంది, అన్నిటికీ ఉండదు, అందుకే నా ముక్క తీసుకెళ్తాను). దాని మీద బూడిద రంగు ముద్ద కొంచెం పట్టుకుని ఉంది. వేళ్ళ మధ్య రుద్దితే మెత్తగా, కాటుకలా జారింది. అది మామూలు అరుగుదల. గోరుకి గుచ్చుకునే రేకులో, పలుకులో తగిలితే గేరు పళ్ళు విరుగుతున్నాయని. ఆయిల్ వాసన చూశాను, మాడు వాసన లేదు. ప్రొపెల్లర్ విప్పాం. దాని వెనక షాఫ్టు చుట్టూ నైలాన్ దారం పది పన్నెండు చుట్లు, వేడికి కరిగి నల్లటి ఉంగరంలా గట్టిపడి ఉంది. చాకుతో గీరి తీస్తే సీలు అంచు కోసేసి కనిపించింది. షాఫ్టు నిటారుగానే ఉంది. రోగం తెలిసింది, కారణం తెలిసింది. నీరు చేరి ఎన్నాళ్ళయిందో ఒక్కటే తెలియదు. గేరు వేసి ఫ్లైవీల్ తిప్పితే కింద ఎక్కడా గరగరలేదు. సీలు, ఆయిల్, పనికి, పైన ఒకవేళ బేరింగు మార్చాల్సి వస్తే దానికి, అన్నీ లెక్క కట్టి తొమ్మిది వేలు తగ్గించమన్నాను. తగ్గించాడు. పొద్దున్నే ఆ నీటి సంగతి ఆయనే చెప్పి ఉంటే నాలుగు వేలతో పోయేది.

గేర్ ఆయిల్ తిరిగి పోసేటప్పుడు పై స్క్రూ తీసి, అడుగు కన్నంలోంచి పైకి నింపండి. పై కన్నంలోంచి పొంగేదాకా. పైనుంచి పోస్తే గాలి బుడగ మిగిలిపోతుంది.

నీటి ధార గురించి. లేచిన వెంటనే వెనక చిన్న కన్నంలోంచి నీరు చిమ్మాలి. మా పేటలో "ఒంటేలు పోస్తోందా" అని అడుగుతారు, ఆడవాళ్ళున్నప్పుడు మాత్రం "నీరొస్తోందా" అంటారు. ధార గట్టిగా, తెగకుండా రావాలి. మొదట చల్లగా, కాసేపటికి గోరువెచ్చగా తగలాలి. రాకపోతే ముందు ఆ కన్నంలో సన్నటి తీగ పెట్టి పొడవండి, ఉప్పో ఇసకో అడ్డం ఉండొచ్చు. అప్పటికీ రాకపోతే ఇంజన్ ఆపేయండి. సోనాపూర్లో నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు ధార సన్నగా ఉంది, కొంచెం స్పీడిస్తే లావైంది. ఇంపెల్లర్ అరిగిందనుకున్నాను. అది ఎలాగూ మార్చేదే కాబట్టి పెద్దగా పట్టించుకోలేదు.

హెడ్ బోల్టులు చూడండి. బోల్టు తల చుట్టూ రంగు పగిలి ఉంటే హెడ్ ఎప్పుడో తెరిచారు. తెరవడం తప్పు కాదు, ఎందుకు తెరిచారో చెప్పకపోవడం తప్పు. రంగు పొంగి, గోటితో గీస్తే తెల్లపొడి రాలితే లోపల అల్యూమినియం తింటోంది. జింకు ముక్క, అంటే ఆనోడు, సగం కరిగి ఉంటే అది తన పని తాను చేస్తోందని. దాని మీద కూడా రంగు పూసేశారంటే ఆ ఇంజన్ని చూసుకున్నవాడికి ఏమీ తెలియదన్నమాట. రంగు పూసిన ఆనోడు పనిచేయదు, దాని బదులు ఇంజన్ ఒళ్ళు కరుగుతుంది. క్లాంపు మరలు చేత్తో తిరగాలి. పైకెత్తి ఆపే పిన్ను పట్టాలి. కెరటంలో ఇంజన్ ఎత్తినప్పుడు అది జారితే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

గేరులో ఉండగా తాడు లాగి చూడండి, చాలా ఇంజన్లు అలా లేవకూడదు. లేస్తే గేరులో లేవకుండా ఆపే అడ్డు విరిగిందని. కిల్ క్లిప్పు లాగితే ఆగాలి. ఇది చిన్న సంగతిలా ఉంటుంది గానీ మనిషి నీళ్ళలో పడ్డప్పుడు బోటు ఆగేది దానితోనే.

పెట్రోల్ ట్యాంకూ పైపూ కూడా. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోల్‌లో ఇథనాల్ కలుస్తోంది. అది నీటిని పీలుస్తుంది, నెలల తరబడి నిలవుంటే నీరు అడుక్కి విడిపోతుంది. ట్యాంకు అడుగు పెట్రోల్ గాజు సీసాలో పోసి చూడండి, రెండు పొరలు కనిపిస్తే కార్బురేటర్ విప్పి కడగక తప్పదు. చేత్తో నొక్కే రబ్బరు బుడ్డ గట్టిపడాలి, పైపు వంచితే పగుళ్ళు ఉండకూడదు. ఇవి మార్చుకునేవే, బేరం పాడుచేసుకోవద్దు.

ఇదంతా అయ్యాక కూడా డబ్బు తీయకండి. నీళ్ళ మీద పరీక్ష మిగిలుంది. డ్రమ్ములో బాగా నడిచిన ఇంజన్ బరువు మీద మొరాయించొచ్చు. నలుగురు మనుషుల్ని ఎక్కించుకుని ఫుల్ స్పీడులో పది నిమిషాలు వెళ్ళాలి. ఇంజన్ కూత పెరిగి బోటు వేగం పెరగకపోతే ప్రొపెల్లర్ నడుమ రబ్బరు జారుతోంది. వెళ్ళే ముందే సుద్దతో రబ్బరు లోపలి నుంచి బయటికి ఒక గీత గీస్తే, తిరిగొచ్చాక గీత రెండుగా విడిపోయిందో లేదో కనిపిస్తుంది. వెనక్కి గేరు వేసి కొంచెం స్పీడు ఇవ్వండి. టక్కుమని గేరులోంచి బయటికి దూకితే క్లచ్ పళ్ళు గుండ్రబడ్డాయి. ఇది డ్రమ్ములో బయటపడదు. ఆగాక హెడ్ మీద నాలుగు నీటి చుక్కలు చల్లండి. ఊరికే ఆరిపోతే సరే, చుయ్యిమంటే చల్లదనం సరిగ్గా అందడం లేదు.

"ఇప్పుడు నిషేధం కదా, నీళ్ళలో దింపలేను" అనేవాళ్ళు ఉంటారు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఋషికుల్య మొగ వైపు తాబేళ్ళ కోసం నవంబర్ 1 నుంచి మే 31 దాకా 20 కిలోమీటర్ల లోపు వేట బంద్. చేతిలో డబ్బు ఆడక ఇంజన్లు అమ్మకానికొచ్చేదీ ఆ రోజుల్లోనే, ధరా అప్పుడే తక్కువ. అలాంటప్పుడు చిన్న బయానా ఇచ్చి, నీళ్ళ మీద చూశాకే మిగతాది అని కాగితం రాసుకోండి. ఒప్పుకోకపోతే ఇంకో ఇంజన్ దొరుకుతుంది.

ఫోర్ స్ట్రోక్ అయితే ఇంకొక్కటి. ఆయిల్ పుల్ల తీసి చూడండి. పాలరంగు వద్దు, పెట్రోల్ వాసన వద్దు, గీత కన్నా పైకి ఉంటే పెట్రోల్ దిగుతోందేమో అనుమానించాలి.

షాఫ్టు పొడవు కొలవడం చాలామంది మర్చిపోతారు. పొట్టిది 15 అంగుళాలు, పొడుగుది 20. ప్రొపెల్లర్ పైన ఉండే అడ్డ పలక బోటు అడుగు గీతకి సమంగానో అంగుళం కిందుగానో రావాలి. ఇంజన్ విడిగా కొంటుంటే మీ బోటు వెనక బల్ల ఎత్తు టేపుతో కొలుచుకుని వెళ్ళండి. బోటుతో సహా కొంటుంటే ఆ బల్లనే అనుమానించండి. ఇంజన్ పైకెత్తి, కింది కాలు పట్టుకుని ఊపితే బల్ల ఊగకూడదు. ఫైబర్ లోపల ప్లైవుడ్ ఉంటుంది, బోల్టు కన్నాల్లోంచి నీరు దిగి కుళ్ళుతుంది. సుత్తి పిడితో కొడుతూ పోతే గట్టి చోట టంగుమంటుంది, కుళ్ళిన చోట తడి గోనె మీద కొట్టినట్టు దబ్బుమంటుంది.

ఇక కాగితాలు. బ్రాకెట్ మీది రేకు పలకలో నంబరు గీసేసి ఉంటే ఎంత చవకైనా వద్దు. బిల్లు, బోటు రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉన్నాయో చూడండి. సబ్సిడీలో వచ్చిన ఇంజన్ అయితే అమ్మే హక్కు ఉందో లేదో ఫిషరీస్ ఆఫీసులో అడిగాకే డబ్బివ్వండి.

ఇంటికి తెచ్చిన రోజే గేర్ సీలు, ఇంపెల్లర్, ప్లగ్గులు మార్చి, మంచినీటితో లోపలంతా కడగాలి. మేనల్లుడి ఇంజన్ అలాగే విప్పాం. పంపులో పాత ఇంపెల్లర్ తీస్తే ఆరు రెక్కల్లో రెండు లేవు. నెమ్మదిగా తిరిగినప్పుడు ధార ఎందుకు సన్నబడిందో అప్పుడు అర్థమైంది.

"కొత్తది వేసేద్దాం మావా, ఇంక దీనితో ఏటి పని?" అన్నాడు వాడు.

"ఆ రెండు రెక్కలు ఎక్కడికి పోయాయిరా? బయటికి రాలేదుగా."

నీరు వెళ్ళే దారంతా వెతికాం. ఒక ముక్క పైకి వెళ్ళే పైపు మొదట్లో దొరికింది. రెండోది చీకటి పడ్డాక, థర్మోస్టాట్ కింద, ఉప్పు గడ్డ వెనక.